పగటి సెవిచె రాత్రి భోజనమైన వైనం

పచ్చి చేపను నిమ్మరసంలో కలిపి చేసే సెవిచె పెరూ రాజధాని లీమాలో మధ్యాహ్నం తినే పదార్థం. దాన్ని అమ్మే సెవిచెరియాలు ఉదయం పది, పదకొండు మధ్య తలుపులు తీసి సాయంత్రం నాలుగైదు గంటలకల్లా మూసేస్తాయి. తెల్లవారుజామున పడవల్లోంచి దిగిన చేప రాత్రికి మిగలకూడదన్నది ఐసూ ఫ్రిజ్జూ లేని రోజుల నాటి లెక్క. ఫ్రిజ్‌లు వచ్చి దశాబ్దాలైనా ఆ అలవాటు పోలేదు. రాత్రిపూట సెవిచె ఏంటని మొహం చిట్లించే పాతకాలపు లీమావాసులు ఇప్పటికీ ఉన్నారు.

అదే సెవిచెను లండన్‌లోనో దుబాయ్‌లోనో రాత్రి తొమ్మిదింటికి వడ్డిస్తారు. మసక వెలుతురు, డీజే పాటలు, పళ్లూ మిరపకాయలూ వేసి మద్యం ఊరబెట్టిన పెద్ద పెద్ద గాజు జాడీలు, వారాంతంలో టేబుల్ కావాలంటే ముందే బుకింగ్. మార్కెట్ కొట్లో ఎత్తు స్టూలు మీద కూర్చుని తినే తిండి ఇంత హంగామాగా ఎలా మారింది? గొప్ప షెఫ్‌లు పుట్టుకొచ్చారు కాబట్టి అనడం తేలిక. అది నిజమే గానీ సగం నిజం. పెరూ వంటకు ఉన్న అసలు వెసులుబాటు, దాని వంటగదికీ బార్‌కీ సరుకు ఒకటే కావడం. నిమ్మకాయ, మిరపకాయ, ఉప్పు, ఐసు. వీటితోనే షెఫ్ చేప ముక్కల్ని సిద్ధం చేస్తాడు, ఇంచుమించు వీటితోనే బార్‌టెండర్ గ్లాసు నింపుతాడు. చాలా ఖరీదైన రెస్టారెంట్లలో బార్ అంటే టేబుల్ ఖాళీ అయ్యేదాకా కాలక్షేపం చేసే చోటు. ఇక్కడ అది భోజనంలోనే భాగం. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మెనూ, రుచి, బిల్లు మూడూ అర్థమవుతాయి.

గిన్నెలో జరిగేది

సెవిచెలో దాపరికం ఏమీ లేదు. పచ్చి చేపను చిన్న దిమ్మల్లా కోస్తారు. లీమాలో అయితే కోర్వినా, లేదంటే లెంగ్వాడో అనే బల్లపరుపు చేప. ముందు ఉప్పు పడుతుంది. తర్వాత సన్నగా తరిగిన ఆహీ లీమో మిరప, కొత్తిమీర, అప్పటికప్పుడు పిండిన నిమ్మరసం, పల్చగా చీరిన ఎర్ర ఉల్లిపాయ. నిమ్మచెక్కను గట్టిగా పిండకూడదు, చివరి చుక్క కోసం నలిపితే తొక్కలోని చేదు దిగుతుంది. గిన్నెలో రెండు ఐసు ముక్కలు వేసి ఒక్కసారి కలిపి తీసేసే వాళ్లూ ఉన్నారు. పళ్లెంలో పక్కన ఉడికించిన చిలగడదుంప, లావు గింజల మొక్కజొన్న, కరకరలాడేలా వేయించిన మరో రకం మొక్కజొన్న గింజలు పెడతారు. నాలుక మీద పులుపూ కారం మరీ ఎక్కువైనప్పుడు చిలగడదుంప ముక్క ఆదుకుంటుంది. అది అలంకారం కోసం పెట్టింది కాదు, వదిలేయకూడదు.

గిన్నె అడుగున మిగిలే తెల్లని ఊటను లెచె దె తీగ్రె అంటారు. మంచి సెవిచెరియాలు దీన్ని విడిగా తయారుచేస్తాయి. నిమ్మరసంలో చేప ముక్కలు, సెలరీ, అల్లం, వెల్లుల్లి, ఉల్లిపాయ, కొంచెం చేప ఉడికించిన నీళ్లు వేసి మిక్సీలో తిప్పి వడగడతారు. చిన్న గ్లాసులో పోసి తాగడానికి కూడా ఇస్తారు. రాత్రి తాగిన మైకం పొద్దున్నే దిగాలంటే ఇదే మందని లీమాలో నమ్మకం. అందులో కాస్త పిస్కో అనే ద్రాక్ష మద్యం పోసి కాక్‌టెయిల్‌గా అమ్మే చోట్లూ ఉన్నాయి. వంటగది గిన్నెలోని ఊట నేరుగా బార్ కౌంటర్ మీదికి వెళ్లిపోతుందన్నమాట.

పులుపు తగలగానే చేపలోని ప్రోటీన్లు విచ్చుకుని ఒకదానికొకటి అల్లుకుంటాయి. ముక్క తెల్లబడి, కాస్త గట్టిపడుతుంది. పొయ్యి మీద వేడికి జరిగేది కూడా పైకి ఇలాగే ఉంటుంది. అందుకే సెవిచెను నిమ్మరసంతో ఉడికిన చేప అని రాసేస్తుంటారు. ఆ మాట ప్రమాదకరం. వేడి క్రిముల్ని చంపుతుంది. నిమ్మరసం ఆ పని పూర్తిగా చేయలేదు. చేపలోని అనిసాకిస్ లాంటి పురుగుల సంగతి అసలే చేయలేదు. వాటికి మందు చలి. మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో ఏడు రోజులు, లేదా మైనస్ 35 డిగ్రీల్లో గడ్డకట్టించి 15 గంటలు ఉంచాలన్నది అమెరికా ఆహార భద్రత నిబంధన. కాబట్టి సముద్రానికి దూరంగా ఉన్న ఖరీదైన రెస్టారెంట్‌లో ఫ్రీజ్ చేసిన చేప వాడుతున్నారంటే ముక్కు విరవనక్కర్లేదు. ఆ విషయం వెయిటర్‌ను అడగడంలో తప్పూ లేదు.

ఈ భయం పెరూకు కొత్త కాదు. 1991లో కలరా వచ్చినప్పుడు ఆ ఒక్క ఏడాదిలోనే 3 లక్షలకు పైగా కేసులు నమోదయ్యాయి, దాదాపు 3 వేల మంది చనిపోయారు. పచ్చి చేప వద్దని ఆరోగ్య అధికారులు హెచ్చరించారు. జాలర్లూ సెవిచె అమ్మేవాళ్లూ రోడ్డున పడ్డారు. జనంలో ధైర్యం నింపడానికి అధ్యక్షుడు అల్బెర్టో ఫుజిమోరి కెమెరాల ముందు సెవిచె తిన్నాడు. అలాంటి వంటకం సరిగ్గా 32 ఏళ్ల తర్వాత, 2023 డిసెంబరులో, యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

ఇప్పుడు తింటున్న సెవిచె మరీ పాతదేమీ కాదు. ఒకప్పుడు చేపను గంటల తరబడి నిమ్మరసంలో నానబెట్టేవాళ్లు. దాన్ని నిమిషాలకు కుదించడంలో జపాన్ నుంచి వచ్చినవాళ్ల చెయ్యి ఉంది. 1899లో సకురా మారు అనే ఓడ 790 మంది జపాన్ కూలీలను చెరకు తోటల పని కోసం పెరూ తీరానికి చేర్చింది. ఒప్పందాలు ముగిశాక చాలామంది లీమా చేరి చిన్న చిన్న భోజనశాలలు పెట్టుకున్నారు. పచ్చి చేపను ఎలా కోయాలో, ఎంతసేపు ముట్టుకోకుండా వదిలేయాలో వాళ్లకు ముందే తెలుసు. వాళ్ల పిల్లల తరం వంటనే ఇవాళ నిక్కెయి అంటున్నారు. సాషిమిలా పల్చగా కోసి, తినబోయే ముందు మాత్రమే పులుసు పోసే తిరదీతో అందులోంచి వచ్చిందే.

నిమ్మకాయ గురించి ఒక్క మాట. పెరూలో వాడేది చిన్న కాయ, పల్చని తొక్క, ఘాటైన వాసన ఉన్న రకం. గూడూరు, తెనాలి మార్కెట్లలో గోతాలకెత్తే నిమ్మ కూడా అదే జాతి. ఆసియాలో పుట్టి, అరబ్బుల ద్వారా స్పెయిన్‌కూ, స్పానిష్ వాళ్ల ఓడల్లో అమెరికా ఖండానికీ చేరింది. యూరప్ రెస్టారెంట్లలో మాత్రం ఎక్కువగా గింజల్లేని పెద్ద పర్షియన్ నిమ్మ దొరుకుతుంది. రసం బోలెడు వస్తుంది గానీ ఆ వాసన రాదు. అక్కడి సెవిచె ఏదో చప్పగా అనిపిస్తే చేపను తప్పు పట్టకముందు నిమ్మకాయను అనుమానించాలి.

నురుగు కింద

పిస్కో ద్రాక్షరసాన్ని పులియబెట్టి, బట్టీ పట్టి తీసే మద్యం. పెరూలో దీనికి కట్టుబాట్లు చాలా కఠినం. లీమా, ఈకా, అరెకీపా, మొకెగ్వా, తక్నా అనే ఐదు ప్రాంతాల్లో మాత్రమే తయారుచేయాలి. ఎనిమిది రకాల ద్రాక్షే వాడాలి. ఒక్కసారే బట్టీ పట్టాలి, తర్వాత చుక్క నీళ్లు కలపకూడదు, ఆల్కహాల్ 38 నుంచి 48 శాతం మధ్య ఉండాలి. కనీసం మూడు నెలలు గాజు, స్టీలు లాంటి పాత్రల్లో ఉంచాలి. చెక్క పీపాలు నిషేధం, ఎందుకంటే విస్కీకి వచ్చినట్టు చెక్క రంగూ రుచీ పిస్కోకి రాకూడదు. ద్రాక్ష వాసన తప్ప దాచుకోవడానికి ఏమీ లేని మద్యం ఇది. కెబ్రాంతా ద్రాక్షతో చేసింది మొరటుగా, గట్టిగా ఉంటుంది. ఇటాలియా, తొరొంతెల్ రకాలతో చేసినవి పూల వాసన కొడతాయి. రెండు మూడు రకాలు కలిపితే అచొలాదో. పులియడం పూర్తికాకముందే, రసంలో ఇంకా తీపి ఉండగానే బట్టీ పడితే మోస్తో వెర్దె. దీనికి ద్రాక్ష ఎక్కువ పడుతుంది, ధరా అలాగే ఉంటుంది. పిస్కోలో నిమ్మరసం కలిపే పిస్కో సవర్ అనే కాక్‌టెయిల్‌లో మోస్తో వెర్దె పోయమని అడిగేవాళ్లు కనిపిస్తుంటారు. అంత నిమ్మరసం, పంచదార పాకం మధ్య దాని సున్నితం ఎలాగూ మునిగిపోతుంది. ఆ డబ్బుతో విడిగా ఒక చిన్న గ్లాసు తాగి చూడటం మేలు.

పిస్కో సవర్ పుట్టుక కథలో అమెరికన్ ఉన్నాడు. విక్టర్ మోరిస్ 1903లో రైల్వే కంపెనీ పని మీద పెరూ వెళ్లి, 1916లో లీమా నడిబొడ్డున బార్ తెరిచాడు. విస్కీ సవర్‌లో విస్కీకి బదులు పిస్కో పోయడం అతని పని అంటారు. కోడిగుడ్డు తెల్లసొన, బిట్టర్స్ అనే చేదు మూలికల సారం చుక్కలు చేర్చింది అతని దగ్గర పనిచేసిన మారియో బ్రుయిహెత్ అనే పెరూ బార్‌టెండర్ అని చెబుతారు. 1903లోనే లీమాలో అచ్చయిన ఒక వంటల పుస్తకంలో పిస్కో, నిమ్మ, పంచదార, తెల్లసొన కలిపిన పానీయం కనిపించడంతో ఈ కథ మీద అనుమానాలు పెరిగాయి. ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదానికి మోరిస్ పేరు పెట్టి గ్లాసులో పోశాడనుకుంటే సరిపోతుంది. వంటల చరిత్రలో ఇది కొత్తేమీ కాదు.

కొలత సులువు. మూడు పాళ్లు పిస్కో, ఒక పాలు నిమ్మరసం, ఒక పాలు పంచదార పాకం, ఒక తెల్లసొన. షేకర్‌లో ముందు ఐసు లేకుండా గట్టిగా ఊపి, తర్వాత ఐసు వేసి మళ్లీ ఊపుతారు. లీమాలో చాలాచోట్ల మిక్సీలోనే వేసేస్తారు. ఊపినప్పుడు తెల్లసొనలోని ప్రోటీన్లు విచ్చుకుని గాలిని పట్టుకుంటాయి, నురుగు కడుతుంది. పక్క గిన్నెలో నిమ్మరసం చేపకు చేసిందీ ప్రోటీన్‌ను విప్పడమే. ఇక నురుగు మీద వేసే ఆ మూడు చుక్కల బిట్టర్స్ చాలామంది అనుకున్నట్టు ముగ్గు కాదు. గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే గుడ్డు నీచు తెలియకుండా చేసేవి అవే. చేపను ఉప్పు, నిమ్మకాయతో రుద్ది కడిగే తెలుగు ఇళ్లలో ఈ జాగ్రత్త గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఖరీదైన పెరూ బార్‌లో వరుసగా కనిపించే గాజు జాడీలను మసెరాదోలు అంటారు. పిస్కోలో అనాస ముక్కలు, దాల్చినచెక్క, అల్లం, మిరపకాయ, పాషన్ ఫ్రూట్ లాంటివి వేసి రోజుల తరబడి ఊరనిస్తారు. కళ్లకు ఇంపుగా ఉంటాయి, వ్యాపారానికి అంతకన్నా ఇంపు. ఒకే మామూలు పిస్కోతో పదిహేను రకాల పేర్లు పెట్టి అమ్ముకోవచ్చు. ఇది మోసం కాదు, పెరూ ఇళ్లలోనూ ఊరబెడతారు. కానీ జాడీ మూత తీసి వాసన చూపించమని అడిగితే తెలిసిపోతుంది, నిన్న మొన్న వేసినదేదో, నెలల తరబడి షోకేసులో ఉన్నదేదో.

పిస్కో ఎవరిదన్న తగాదా పెరూకూ చిలీకీ మధ్య తరాలుగా నడుస్తోంది. చిలీ 1931లోనే తమ పిస్కోకు ప్రాంతీయ గుర్తింపు ఇచ్చుకుంది. అక్కడ నీళ్లు కలిపి గాఢత తగ్గించవచ్చు, చెక్క పీపాల్లో ఉంచవచ్చు. ఈ గొడవ ఇండియా కోర్టు దాకా వచ్చింది. పిస్కో అనే పేరుకు భౌగోళిక గుర్తింపు కోసం పెరూ 2005లో ఇక్కడ దరఖాస్తు పెట్టింది. రిజిస్ట్రార్ 2009లో పెరూవియన్ పిస్కో అని నమోదు చేయమన్నారు. 2018లో మేధోహక్కుల అప్పీళ్ల బోర్డు ఆ విశేషణం తీసేసి పేరు మొత్తం పెరూకే ఇచ్చింది. చిలీ తయారీదారుల సంఘం దాని మీద కోర్టుకు వెళ్లగా, 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు బోర్డు ఉత్తర్వును కొట్టేసింది. రెండు దేశాల్లోనూ ఆ పేరుతో మద్యం తయారవుతోంది కాబట్టి ఒకరికే కట్టబెడితే కొనేవాళ్లు అయోమయంలో పడతారన్నది తీర్పు సారం. హైదరాబాద్‌లో పిస్కో సీసా కోసం ఎంతమంది వెతుకుతారన్నది వేరే ప్రశ్న.

రెండు దారులు

1980ల చివర్లో పెరూ అంటే ధరలు గంటగంటకూ పెరిగే దేశం, షైనింగ్ పాత్ అనే మావోయిస్టు సంస్థ తిరుగుబాటుతో రక్తం కారుతున్న దేశం. 1992 జూలైలో లీమాలోని సంపన్న ప్రాంతం మిరాఫ్లోరెస్‌లో కారు బాంబు పేలింది. ఆ సెప్టెంబరులో తిరుగుబాటు నాయకుడు అబిమాయెల్ గుజ్మాన్ దొరికాడు. 1994లో అదే మిరాఫ్లోరెస్‌లో గస్తోన్ అకూరియో, భార్య అస్త్రిద్ గుట్షే కలిసి అస్త్రిద్ ఇ గస్తోన్ అనే రెస్టారెంట్ తెరిచారు. అకూరియో తండ్రి రాజకీయ నాయకుడు. కొడుకును లా చదవమని స్పెయిన్ పంపితే అతను వంట వైపు తిరిగి పారిస్‌లో తేలాడు. మొదట్లో ఆ రెస్టారెంట్‌లో వండింది ఫ్రెంచ్ భోజనం. డబ్బున్న లీమావాసికి మంచి భోజనమంటే అప్పట్లో అదే. తమ ఇంటి ఆహీ అమరియో మిరప, పసుపు రంగు బంగాళాదుంప, సెవిచె తెల్ల టేబుల్‌క్లాత్ మీదికి రావడానికి మరికొన్నేళ్లు పట్టింది.

చిత్రమేమిటంటే అదే 1994లో న్యూయార్క్‌లో నోబు అనే రెస్టారెంట్ తెరుచుకుంది. నోబుయుకి మత్సుహిసా 1970లలో లీమాలో సుషీ రెస్టారెంట్ నడిపిన మనిషి. జపాన్‌లో దొరికే సరుకు లీమాలో దొరక్క, అక్కడి నిమ్మ, మిరప, కొత్తిమీరతో చేపకు కొత్త రుచులు కట్టాడు. వాటినే తర్వాత అమెరికాలో సినిమా తారలకు వడ్డించాడు. అంటే పెరూ రుచి ప్రపంచంలోని ఖరీదైన టేబుళ్ల మీదికి మొదట జపాన్ రెస్టారెంట్ పేరుతో వెళ్లింది. దీని ప్రభావం ఇవాళ్టి పెరూ మెనూల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

అకూరియో 2005లో లీమాలో లా మార్ అనే సెవిచెరియా పెట్టాడు. ఇటాలియన్ పిజ్జా కొట్టు, జపాన్ సుషీ బార్ ప్రపంచమంతా ఉన్నట్టే సెవిచెరియా కూడా ఉండాలన్నది ఆలోచన. 2008లో శాన్‌ఫ్రాన్సిస్కో సముద్రపు ఒడ్డున లా మార్ తెరిచారు. బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లలో కొందరికి అది తెలిసిన చోటే. ఆ ఊరికి పిస్కో కొత్త కాదు. 1849 నాటి బంగారం వేటలో పసిఫిక్ తీరం వెంట వచ్చే ఓడలు పెరూ పిస్కోను అక్కడికి మోసుకొచ్చేవి. అనాస కలిపిన పిస్కో పంచ్ మద్యనిషేధం వచ్చేదాకా ఆ ఊరి ప్రత్యేక పానీయం.

లండన్‌కు 2012 పెరూ సంవత్సరం. సోహోలో సెవిచె, ఆ పక్కన లీమా, పికడిల్లీలో కోయా అనే రెస్టారెంట్లు అన్నీ ఆ ఏడాదే వచ్చాయి. వాటిలో లీమా మరుసటి ఏడాదికల్లా మిషెలిన్ స్టార్ తెచ్చుకుంది. కోయా వెనక ఉన్నది భారతీయ మూలాలున్న అర్జున్ వాణీ. జపాన్ భోజనాన్ని నైట్‌లైఫ్‌తో కలిపి అమ్మిన జుమా వెనకా ఆయనే. అదే సూత్రం పెరూకు వర్తించింది. పిస్కో జాడీల గోడ, పంచుకుని తినే చిన్న పళ్లేలు, లోపల మెంబర్స్ క్లబ్, బయట డీజే. అక్కడి నుంచి దుబాయ్, అబుదాబీ వెళ్లింది. ఆ తర్వాత ఈ నమూనాను చాలామంది అనుకరించారు. ఇవాళ ఏదో ఒక మహానగరంలో ఖరీదైన పెరూ రెస్టారెంట్ అండ్ కాక్‌టెయిల్ బార్ అంటే కళ్లముందు మెదిలే బొమ్మ ఇదే.

లీమాలోని పెద్ద షెఫ్‌లు దాదాపు ఎదురు దిక్కు నడిచారు. విర్హిలియో మర్తినెస్, పియా లియోన్ దంపతుల సెంత్రాల్ రెస్టారెంట్‌లో మెనూ ఎత్తుల ప్రకారం నడుస్తుంది. సముద్రమట్టానికి దిగువన దొరికే నత్తలు, నాచు మొదలుకొని ఆండీస్ పర్వతాల మీద 4 వేల మీటర్ల పైన పండే దుంపల దాకా ఒక్కో పళ్లెం ఒక్కో ఎత్తుది. మర్తినెస్ సోదరి మలేనా నడిపే మాతెర్ అనే పరిశోధన బృందం ఊళ్లు తిరిగి గింజలు, దుంపలు, నాచులు సేకరించి నమోదు చేస్తుంది. సెంత్రాల్ 2023లో ప్రపంచంలోని మేటి రెస్టారెంట్లను ఎంచే వరల్డ్స్ 50 బెస్ట్ జాబితాలో మొదటి స్థానం తెచ్చుకుంది. దక్షిణ అమెరికాకు అది తొలిసారి. 2025లో ఆ స్థానం మళ్లీ లీమాకే, మిత్సుహారు త్సుమురా నిక్కెయి రెస్టారెంట్ మైదోకు దక్కింది. ఆ జాబితా లెక్కల మీద ఎన్ని విమర్శలున్నా, విమానం దిగి నేరుగా భోజనానికి వెళ్లే జనాన్ని లీమాకు రప్పించింది అదేనని ఒప్పుకోవాలి.

ఇలా ఒకే దేశం పేరుతో రెండు రకాల ఖరీదైన భోజనాలు. ఒకదానిలో మూడు గంటలు నిశ్శబ్దంగా కూర్చుని ఎన్నడూ పేరు వినని దుంప గురించి తెలుసుకుంటారు. రెండోదానిలో నలుగురు స్నేహితులు అరుచుకుంటూ మాట్లాడుకుంటారు. రెండోదాన్ని తక్కువ చేయనక్కర్లేదు, సెవిచె పుట్టిన మార్కెట్ గోల దానికే దగ్గర. ఇబ్బంది వేరే చోట ఉంది. విదేశీ మెనూలు సంవత్సరం తిరిగేసరికి జపాన్ వైపు జారిపోతాయి. ఎడమామె, సుషీ రోల్, వాగ్యూ, మీసో పూసిన చేప చేరిపోతాయి. పెరూ ఇళ్లలో నిజంగా రోజూ వండే చిక్కుడు గింజలు, ఎండబెట్టిన దుంపల కూర, చుపె లాంటి చిక్కటి సూపులు కనబడవు. అందుకు కారణం మళ్లీ బారే. గంటసేపు గరిట తిప్పిన పులుసు కాక్‌టెయిల్‌తో కలవదు, ఫొటోకీ బాగుండదు, కడుపు నింపేస్తుంది. కడుపు నిండినవాడు రెండో గ్లాసు అడగడు.

బిల్లు ఎక్కడ పెరుగుతుంది

హోటల్ వ్యాపారంలో ఒక మోటు లెక్క ఉంది. భోజనం అమ్మిన ధరలో సరుకు ఖర్చు మూడో వంతు దాకా పోతుంది, కాక్‌టెయిల్‌లో అయిదో వంతు దగ్గరే ఆగుతుంది. సెవిచెలో ఇది ఇంకా బిగుతు. చేప అత్యంత నాణ్యమైనది కావాలి, మిగిలింది రేపటికి పనికిరాదు, కోత కోసినవాడి జీతం ఎక్కువ. అంత ఖరీదైన చేపను ఆరేడు ముక్కలుగా పెట్టినా లాభం పెద్దగా మిగలదు. పిస్కో, నిమ్మరసం, పంచదార, గుడ్డు కలిపిన గ్లాసులో మిగులుతుంది. పైగా పులుపూ ఉప్పూ కారం కలిసి దాహం పుట్టిస్తాయి. చిన్న పళ్లేలు మళ్లీ మళ్లీ ఆర్డర్ చేయిస్తాయి. వంటగది జనాన్ని రప్పిస్తుంది, బార్ అద్దె కడుతుంది.

పరిశోధన దారిలో వెళ్లే సెంత్రాల్ లాంటి చోట లెక్క వేరు. అక్కడ ఒక్కొక్కరికీ 200 డాలర్లకు పైమాటే, ముందుగా కట్టాల్సిందే, ఖాళీ కుర్చీ నష్టం రానివాడిదే. ఆ డబ్బులో ఎంత కొండమీది రైతుకు చేరుతుందన్నది పెరూలోనే చర్చ. షెఫ్‌లూ రైతులూ చేతులు కలపాలన్న మాటతో 2008లో మొదలైన మిస్తురా ఆహారమేళా ఆ దిశగా కొంత పనిచేసింది. గ్రిమనేసా వర్గాస్ లాంటి, అంటికుచో అనే పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం అమ్మే బండి ఆవిడ పేరు దేశమంతటికీ తెలిసింది. ఆ మేళా పదేళ్లు తిరక్కుండానే ఆగిపోయింది. ఇంకోవైపు పెరూలో మూడేళ్లలోపు పిల్లల్లో పదిమందిలో నలుగురికి రక్తహీనత ఉంది. తమ వంటను చూసి గర్వపడే లీమా పత్రికలు ఈ రెండు వార్తలనూ పక్కపక్కనే అచ్చు వేస్తుంటాయి.

ఆర్డర్ చేసేముందు

తెలుగు కుటుంబం ఇలాంటి చోటికి వెళ్తే టెన్షన్ పెట్టే విషయాలు నాలుగైదు ఉంటాయి. లోమో సాల్తాదో అంటే సోయా సాస్‌తో పెనం మీద ఎగరేసిన గొడ్డుమాంసం. 1849 నుంచి వచ్చిన చైనా కూలీల వంట చలవ. కొన్నిచోట్ల చికెన్‌తోనో పుట్టగొడుగులతోనో చేసిస్తారు, అడగాలి. అంటికుచో అసలు రూపం ఆవు గుండె ముక్కల్ని పుల్లకు గుచ్చి కాల్చింది. విదేశాల్లో అదే పేరుతో చికెన్, రొయ్య కూడా ఉంటాయి కాబట్టి పేరు చూసి భయపడటం, పేరు చూసి ధైర్యపడటం రెండూ పనికిరావు.

శాకాహారులకు మెనూలో ఆకుపచ్చ గుర్తు చాలదు. పుట్టగొడుగుల సెవిచె అని రాసి ఉన్నా, దాని మీద పోసే లెచె దె తీగ్రెలో చేప ఉండవచ్చు. విడిగా చేశారా అని అడగాలి. పిస్కో సవర్‌లో తెల్లసొన ఉంటుంది. గుడ్డు తిననివాళ్లకు శనగలు ఉడికించిన నీళ్లతో నురుగు తెచ్చే బార్‌లు ఇప్పుడు చాలా ఉన్నాయి. ముందే చెబితే సరి. కాస్త నిశ్చింతగా తినగలిగేవి బంగాళాదుంప వంటకాలు. ఈ దుంపను మొదట సాగుచేసింది ఆండీస్ జనమే, అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం 1971 నుంచి లీమాలోనే ఉంది. కౌసా అంటే పసుపు రంగు దుంపను మెదిపి నిమ్మరసం, ఆహీ అమరియో ముద్ద కలిపి చల్లగా పొరలు పేర్చింది. మధ్య పొరలో ట్యూనా బదులు అవకాడో పెట్టమనవచ్చు. పాపా అ లా వంకాయీనా అయితే ఉడికిన దుంప మీద జున్ను, మిరప కలిపిన పసుపు సాస్. కారం గుంటూరు స్థాయిలో ఉండదు. ఆహీ అమరియోలో మంట కన్నా పండు రుచే ఎక్కువ. కారం కావాలనుకుంటే రొకోతో మిరప సాస్ విడిగా తెప్పించుకోవాలి, అది మాత్రం చురుక్కుమంటుంది.

మద్యం ముట్టనివాళ్లకు చీచా మొరాదా ఉంది. ఊదారంగు మొక్కజొన్న కంకుల్ని అనాస తొక్క, దాల్చినచెక్క, లవంగాలతో ఉడికించి, వడగట్టి, చల్లార్చి నిమ్మరసం పిండుతారు. మంచి బార్ దీన్ని సొంతంగా కాస్తుంది. పొడి కలిపితే మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది.

తాగేవాళ్లకైతే వరుస ముఖ్యం. పిస్కో సవర్ సెవిచెకు, తిరదీతోకు జోడు. నురుగూ పాకం ఉన్న గ్లాసు రెండోసారికి బరువెక్కుతుంది. వేడి వంటకాలు మొదలయ్యాక చిల్కానోకు మారడం మంచిది. పిస్కో, నిమ్మరసం, జింజర్ ఏల్, రెండు చుక్కల బిట్టర్స్, బోలెడు ఐసు, అంతే. మిరప సాస్ పూసిన కాల్పుడు మాంసాల మధ్య గొంతుకు తెరిపిగా ఉంటుంది, ధర కూడా మెనూలో సాధారణంగా సవర్ కన్నా కింది వరుసలోనే కనిపిస్తుంది. వెయిటర్లు దాన్ని అంతగా సిఫారసు చేయరు.